వేరు లేని మొక్కకు నీరే నేల

అక్వేరియం దుకాణంలో జావా మాస్ కావాలంటే చిన్న ప్లాస్టిక్ కవర్లో కాసిని నీళ్లు పోసి, పిడికెడు ఆకుపచ్చని చిక్కు చేతిలో పెడతారు. మొదలేదో చివరేదో తెలియదు. వేరు కనపడదు. ‘‘మట్టి అక్కర్లేదండీ, ఎరువు అక్కర్లేదు. తొట్టెలో వేసేయండి, అదే పెరుగుతుంది’’ అంటాడు దుకాణదారు. ఆ మాటలో చాలావరకు నిజం ఉంది. కానీ అదే మాస్ ఒకరింట్లో ఆర్నెల్లు తిరిగేసరికి రాళ్లనీ చెక్కనీ కమ్మేస్తుంది. మరొకరింట్లో నెల తిరక్కుండానే గోధుమరంగుకు మారి, పాచి పట్టి, పట్టుకుంటే వేళ్ల మధ్యే రాలిపోతుంది. ఇద్దరూ ఒకే చోట కొన్నారు, ఇద్దరూ తొట్టెలో వేసి ఊరుకున్నారు. మరి తేడా ఎక్కడొచ్చింది?

ఒక్క కణం మందం

ఒక రెబ్బ తుంచి, తెల్ల పింగాణీ పళ్లెంలో రెండు చుక్కల నీళ్లలో పరిచి, భూతద్దం పెట్టి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. దారం కన్నా సన్నని కాడ. దానికి అటూ ఇటూ ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవున్న ఆకులు. బడిలో ఉండే మామూలు సూక్ష్మదర్శిని కింద పెడితే మిగతా సగం తెలుస్తుంది. ఆ ఆకంతా ఒకే ఒక్క పొర కణాలు. కణాలు పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి తప్ప ఒకదాని మీద ఒకటి ఉండవు. ఒక్కో కణంలో హరితరేణువులు విడివిడిగా లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా కనిపిస్తాయి.

మామిడాకుకైతే పైన మైనపు పూత, అడుగున పత్రరంధ్రాలు, వేరు నుంచి వచ్చిన నీటిని మోసే ఈనెలు ఉంటాయి. మాస్‌కు ఇవేవీ లేవు. దాని ఆకులో ప్రతి కణమూ రెండు వైపులా నీటిని తాకుతూనే ఉంటుంది. కార్బన్ డై ఆక్సైడ్, నత్రజని, పొటాషియం, ఇనుము, ఏది కావాలన్నా కణం గోడలోంచి నేరుగా లోపలికి రావలసిందే. కాడకు అక్కడక్కడ గోధుమరంగు నూగులా వేలాడే మూలతంతువులు వేళ్లలా కనిపిస్తాయి గానీ, అవి రాతిని పట్టుకోడానికే. తిండి తేవడం వాటి పని కాదు.

అమెజాన్ స్వోర్డ్ లాంటి వేరున్న మొక్క నీళ్లలో పోషకం తక్కువైనా అడుగునున్న మట్టిలోంచి లాక్కుంటుంది. మాస్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని తిండీ నీళ్లలోనే, దాని విషమూ నీళ్లలోనే. అందుకే మాస్‌ను పెంచడమంటే అసలు పని నీటిని చూసుకోవడం. వెలుతురు, వేడి, కత్తెర, మందులు అన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

దుకాణంలో ఏమేం దొరుకుతాయి

తొట్టె అద్దాలకు పట్టే పాచి శైవలం. మాస్ దానికి దగ్గరి బంధువు కాదు. కాడా ఆకూ ఉన్న, బ్రయోఫైటా వర్గానికి చెందిన అసలు సిసలు మొక్క. ప్రపంచంలో మాస్ జాతులు సుమారు 12,000. ఇంచుమించు 47 కోట్ల ఏళ్ల కిందట నీటిని వదిలి నేల మీదికి వచ్చిన తొలి మొక్కల సంతతి ఇది. పువ్వు, గింజ లేవు. సిద్ధబీజాలు వెదజల్లి వ్యాపిస్తుంది. తొట్టెలో మునిగి ఉన్నప్పుడు ఆ సిద్ధబీజాల గుళికలు దాదాపు కనిపించవు. అక్కడ తెగిన ముక్కే కొత్త మొక్క.

అక్వేరియంలో పెరిగే మాస్‌లలో చాలావాటిది ఆసియా అడవుల్లోని వాగుల గట్టు. వానలకు వాగు పొంగితే మునుగుతాయి, తగ్గితే తేలి తడి గాలిలో బతుకుతాయి. రెండు బతుకులకూ అలవాటు పడ్డాయి కాబట్టే తొట్టెలో ఇముడుతాయి. వానాకాలంలో మన ప్రహరీ గోడల మీద పచ్చగా పరుచుకునే మాస్ సంగతి వేరు. అది ఎండితే ముడుచుకుని, చినుకు పడితే విచ్చుకునే గోడల మొక్క. దాన్ని గీకి తెచ్చి తొట్టెలో ముంచితే కొన్ని వారాలు పచ్చగా ఉండి, ఆపైన కుళ్లడం మొదలుపెడుతుంది.

మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది జావా మాస్. కొమ్మలు ఎటుపడితే అటు పెరుగుతాయి, ఎలాంటి తొట్టెలోనైనా తట్టుకుంటుంది, మొదటిసారి పెంచేవారికి ఇదే మంచిది. క్రిస్మస్ మాస్ కొమ్మలు త్రికోణాకారంలో కిందికి వాలతాయి. ఫ్లేమ్ మాస్ మెలికలు తిరుగుతూ నిటారుగా పైకి లేస్తుంది. వీపింగ్ మాస్ రెబ్బలు చెక్క అంచు నుంచి జారుతూ వేలాడతాయి. లేత దశలో అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి పేర్లు తారుమారు కావడం మామూలే.

శాస్త్రవేత్తలకూ ఈ చిక్కు తప్పలేదు. జావా మాస్‌ను చాలాకాలం వెసిక్యులేరియా డుబ్యానా అనే అనుకున్నారు. సింగపూర్‌లో పనిచేసిన బ్రయోఫైట్ నిపుణుడు బెనిటో టాన్, ఆయన సహచరులు 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో అక్వేరియం మాస్‌లను వరసపెట్టి పరిశీలించాక అది టాక్సిఫిల్లమ్ బార్బియెరి అని తేలింది. వెసిక్యులేరియా ఆకు కణాలు వెడల్పాటి పలకల్లా ఉంటాయి, టాక్సిఫిల్లమ్ కణాలు సన్నగా పొడుగ్గా ఉంటాయి. గుళికలు లేనప్పుడు ఇలాంటి ఆనవాళ్లే దిక్కు.

మాస్ పక్కనే పెట్టి అమ్మేవాటిలో మాస్ కానివీ ఉన్నాయి. ఇంటర్ బోటనీలో చదువుకున్న రిక్సియాకు దగ్గరి చుట్టమైన రిక్సియా ఫ్లూయిటాన్స్ లివర్‌వర్ట్ అనే మరో బ్రయోఫైట్ వర్గానిది. పలకపలకలుగా గుబురుగా పెరిగే సుస్‌వాసర్‌టాంగ్ లోమారియోప్సిస్ అనే ఫెర్న్ తాలూకు తొలి దశ అని 2009లో డీఎన్ఏ పరీక్ష చెప్పింది. ఆకుపచ్చని బంతిలా ఉండే మారిమో శైవలం. జపాన్‌లోని అకాన్ సరస్సు దానికి పేరుపడ్డ చోటు.

నీళ్లలో కార్బన్ కరువు

నేల మీది మొక్కకు గాలి కదిలిన కొద్దీ కార్బన్ డై ఆక్సైడ్ అందుతూ ఉంటుంది. నీటిలో ఆ వాయువు వ్యాపించే వేగం గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు తక్కువ. నీరు కదలకుండా ఉంటే ఆకు తన చుట్టూ ఉన్న పలచని నీటి పొరలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను వాడేసుకుని, తర్వాతి విడత కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఫిల్టరు నుంచి వచ్చే నెమ్మదైన ప్రవాహం ఈ పొరను చెదరగొడుతుంది. మాస్‌ను ఫిల్టరు నీరు మెల్లగా తాకే చోట పెట్టమనడం ఇందుకే. మరీ ఉధృతంగా ఉంటే అంటుకోకముందే కొట్టుకుపోతుంది.

గట్టి నీటిలో కార్బన్ ఎక్కువ భాగం బైకార్బనేట్ రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 దగ్గర, నీటిలో కరిగిన అకర్బన కార్బన్‌లో వాయువుగా మిగిలేది నూటికి రెండు వంతులే. మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా, తొట్టెల్లో పెంచే వాలిస్నేరియా ఆ బైకార్బనేట్‌ను కూడా వాడుకోగలవు. నీటి మాస్‌లలో చాలావాటికి ఆ శక్తి లేదు. కరిగిన వాయువే కావాలి. ఒకే తొట్టెలో హైడ్రిల్లా చెలరేగుతుంటే మాస్ కదలక మెదలక ఉండటానికి ఇదొక కారణం.

ఈ కరువును కొంత తీర్చేది చేపలే. వాటి ఊపిరి, అడుగున కుళ్లే వ్యర్థం, ఫిల్టరులో బ్యాక్టీరియా రోజంతా కార్బన్ డై ఆక్సైడ్ వదులుతూ ఉంటాయి. జావా మాస్‌కు మామూలుగా అది చాలు. సిలిండరు పెట్టి లీటరుకు 20, 30 మిల్లీగ్రాముల దాకా ఎక్కించేవారు తొందరగా, ఒత్తుగా పెరగాలని కోరుకునేవారే.

ఆకుల మీద ముత్యాల్లా బుడగలు నిలవడాన్ని అక్వేరియం వాళ్లు పెర్లింగ్ అంటారు. కిరణజన్య సంయోగక్రియలో పుట్టిన ఆక్సిజన్ నీటిలో ఇక కరిగే చోటు లేక బుడగకట్టడమే అది. జపాన్‌లోని నీగాటాకు చెందిన తకాషి అమానో ఈ దృశ్యాన్ని ప్రపంచానికి చూపించాడు. ఆయన 1982లో ఆక్వా డిజైన్ అమానో సంస్థ పెట్టి, నీటి మీద తేలే రిక్సియాను రాళ్లకు కట్టి అడుగున పెంచాడు. ఆ రిక్సియా పచ్చిక నిండా బుడగలున్న ఫొటోలు చూసి ఎందరో తొట్టెల్లో తోటలు వేశారు. ఆయన 2015లో కన్నుమూశారు. అయితే నీళ్లు మార్చిన మొదటి గంటలో కనిపించే బుడగల్ని చూసి మురిసిపోనక్కర్లేదు. కుళాయి నీటిలో ఒత్తిడికి కరిగిన గాలి బయటపడుతున్నప్పుడూ అలాగే ఉంటుంది.

వెలుతురు అతి అయితే

వాగు గట్టున పెద్ద చెట్ల నీడలో పెరిగిన మొక్క ఇది. తక్కువ వెలుతురుతో సరిపెట్టుకోవడం దానికి తెలుసు. ఒక మోస్తరు ఎల్ఈడీ దీపం రోజుకు 6 నుంచి 8 గంటలు వెలిగితే సరిపోతుంది. చేతితో వేసి ఆపేవారి కన్నా టైమరు పెట్టినవారి తొట్టె శుభ్రంగా ఉంటుంది. మనం ఊరెళ్లినా, రాత్రి సీరియల్ చూస్తూ మర్చిపోయినా లెక్క తప్పదు.

వెలుతురు పెంచితే మాస్ తొందరగా పెరుగుతుందనుకోవడం సహజం. కానీ కార్బన్ అందే వేగం మారనప్పుడు అదనపు వెలుతురు మాస్‌కు ఉపయోగపడదు. దాన్ని వాడుకునేది పాచి. నూలుపోగుల్లాంటి పాచి మాస్ రెబ్బల మధ్య అల్లుకుందంటే విడదీయడం చాలా కష్టం. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడేచోట తొట్టె పెట్టొద్దనడానికి అదొక కారణం. రెండోది వేడి.

ఎండాకాలం గండం

జావా మాస్‌కు 18 నుంచి 26 డిగ్రీల నీరు హాయి. 30 దాకా ఓర్చుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో తొట్టె నీరు 31, 32 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. అప్పుడు మాస్ ఊపిరి ఖర్చు పెరుగుతుంది, తయారుచేసుకునే ఆహారం ఆ లెక్కన పెరగదు. పైగా 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 దగ్గర ఏడున్నర మాత్రమే కరుగుతుంది. కుళ్లబెట్టే బ్యాక్టీరియా మాత్రం జోరుమీద ఉంటుంది. గుబురు మధ్యలో, నీరు ఆడని చోట, ముందు కుళ్లు మొదలవుతుంది.

దీనికి చవకైన విరుగుడు చిన్న ఫ్యాను. మూత తీసి నీటి మీదుగా గాలి వీచేలా పెడితే కొంత నీరు ఆవిరవుతుంది, ఆవిరయ్యే నీరు వేడిని పట్టుకుపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడంతా 50 లీటర్ల తొట్టె నుంచే పోయి, గది నుంచి తిరిగి రాకుండా ఉంటే నీరు 11 డిగ్రీలకు పైగా చల్లబడాలి. గది వేడి ఎప్పటికప్పుడు లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి మనకు మిగిలేది రెండు మూడు డిగ్రీలు. మాస్‌కు ఆ తేడాయే ప్రాణం. హైదరాబాద్ పొడి గాలిలో ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. ఉక్కపోసే కాకినాడలో, విశాఖలో అంతగా పనిచేయదు. అక్కడ వేసవి రెండు నెలలూ దీపం వెలిగే వేళను ఐదారు గంటలకు తగ్గించి, చల్లపూట వెలిగేలా పెట్టి, చేపల మేత కూడా తగ్గించడం మేలు. ఐసుగడ్డలు వేస్తే నీటి వేడి ఒక్కసారిగా పడిపోయి చేపలకు ముప్పు.

ఏ నీళ్లు పోయాలి

ఆవిరై పోయేది నీరొక్కటే. అందులోని లవణాలు తొట్టెలోనే ఉండిపోతాయి. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తూ పోతే కొత్త లవణాలు పాతవాటికి తోడై, వేసవి ముగిసేసరికి నీటి గట్టిదనం మొదటికన్నా బాగా పెరుగుతుంది. మన ఊళ్లలో బోరు నీటి టీడీఎస్ (కరిగిన మొత్తం లవణాలు) 500 దాటడం మామూలు విషయం. తాగునీటికి ఆమోదయోగ్యమని భారత ప్రమాణం చెప్పే హద్దు కూడా లీటరుకు 500 మిల్లీగ్రాములే. మరీ గట్టి నీటిలో మాస్ ఆకుల మీద తెల్లగా సున్నపు పొర పేరుకుంటుంది. ఒక్క కణం మందం ఉన్న ఆకు మీద ఆ పొర కడితే వెలుతురూ తగ్గుతుంది, పోషకాల దారీ మూసుకుపోతుంది.

ఇందుకు రెండు వేర్వేరు పద్ధతులు గుర్తుంచుకోవాలి. ఆవిరైన మేరకు నింపడానికి ఆర్వో నీళ్లో, శుభ్రంగా పట్టిన వాన నీళ్లో వాడాలి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి మార్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ పోసే నీళ్లే పోయాలి. బోరు నీళ్లు మరీ గట్టివైతే సగం ఆర్వో కలుపుకోవచ్చు. అంతా ఆర్వోనే పోస్తే కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లేక మాస్ నీరసిస్తుంది.

మున్సిపాలిటీ నీటిలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి ఒక రోజు ఉంచితే, గాలి పంపు పెడితే ఇంకా త్వరగా, క్లోరిన్ ఎగిరిపోతుంది. క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలిపి ఉంటే అది అంత తేలిగ్గా పోదు. సోడియం థయోసల్ఫేట్ ఉన్న యాంటీ క్లోరిన్ మందు వేసుకోవాలి. చేపలకు ప్రమాదమనే మనం ఈ జాగ్రత్త తీసుకుంటాం. ఏ రక్షణ పొరా లేని మాస్ ఆకుకూ అది అంతే అవసరం.

రాతికి కట్టడం

తేలుతూ వదిలేసినా మాస్ బతుకుతుంది. కానీ ఫిల్టరు మూతికి చుట్టుకుంటుంది, ఆకారం రాదు. రాతికో చెక్కకో కట్టి పెంచితేనే అందం.

రాయి ఎంచుకునేటప్పుడు చిన్న పరీక్ష చేయాలి. కడిగి ఆరబెట్టిన రాతి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. బుసబుసమని నురగ వచ్చిందంటే సున్నపురాయి. తాండూరు, బేతంచెర్ల, కడప నాపరాళ్లు ఈ కోవలోవే. ఇంట్లో బండలు పరిచినప్పుడు మిగిలిన ముక్క చదునుగా ఉందని తొట్టెలో పెడితే అది మెల్లగా కరుగుతూ నీటిని ఇంకా గట్టిపరుస్తుంది. గ్రానైటు ముక్కకు ఈ బెడద లేదు. తెలంగాణ, రాయలసీమ గుట్టల్లో కావలసినంత ఉంది. గరుకుగా ఉన్న వైపు పైకి పెట్టుకుంటే మూలతంతువులకు పట్టు దొరుకుతుంది. కొబ్బరి చిప్పనైతే రెండు మూడుసార్లు నీళ్లు మార్చి ఉడికించి, రంగు దిగడం తగ్గాక వాడొచ్చు.

మాస్‌ను ఒక పళ్లెం నీళ్లలో వేసి, చిక్కు విప్పి, గోధుమరంగు ముక్కలు ఏరేయాలి. పచ్చనివాటిని అంగుళం పొడవు ముక్కలుగా కత్తిరించి, తడి రాతి మీద పలచగా పరవాలి. ఎంత పలచగానంటే అడుగున రాయి అక్కడక్కడ కనిపిస్తూ ఉండాలి. ఎక్కువ పెడితే త్వరగా నిండుతుందనిపిస్తుంది గానీ, పై పొర కింది పొరకు వెలుతురు అడ్డుతుంది. వెలుతురు లేని అడుగు పొర చనిపోతే పైనున్నదంతా రాతిని వదిలి ఊడివస్తుంది. ఇప్పుడు ముదురాకుపచ్చ నూలు దారం తీసుకుని, ఒక కొస రాతి అడుగున ముడివేసి, అర సెంటీమీటరుకో చుట్టు చొప్పున అటూ ఇటూ చుట్టాలి. రెబ్బలు కదలకుండా ఉంటే చాలు, నలిగేలా బిగించకూడదు. నూలు దారం నీటిలో నాని కొన్ని వారాల్లో తెగిపోతుంది. ఆలోగా మూలతంతువులు రాతిని పట్టుకుంటాయి. నునుపైన రాయైతే నైలాన్ దారం వాడటం మంచిది, అది కుళ్లదు. తొందరగా కావాలంటే ఫెవిక్విక్ లాంటి సయనోయాక్రిలేట్ జిగురు చిన్న చుక్కలుగా పెట్టి అదిమినా సరే. అది తేమ తగిలి గట్టిపడిపోతుంది, చేపలకు హాని లేదు. తొట్టె వెనక గోడకు మాస్ తెర కావాలంటే రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీల మధ్య పలచగా పరిచి కుట్టాలి. రాగి, ఇత్తడి తీగలు మాత్రం పనికిరావు.

మొదటి రెండు మూడు వారాలు ఏ మార్పూ కనిపించదు. కొన్ని ఆకులు రంగు మారతాయి కూడా. అప్పుడు కదిలించి చూడకూడదు. కొసల్లో లేత చిలకపచ్చ చిగుళ్లు వచ్చాయంటే కొత్త నీటికి అలవాటు పడినట్టే.

కత్తెర పని

రెండు మూడు సెంటీమీటర్ల మందం వచ్చాక సగానికి కత్తిరించాలి. బాగుంది కదా అని వదిలేస్తే అడుగు పొర చచ్చి, మొత్తం ఒక చాపలా లేచి నీటిపైకి తేలుతుంది. కత్తిరించేటప్పుడు ఫిల్టరు ఆపి, పక్కనే పైపుతో నీరు లాగుతూ ఉంటే ముక్కలు బకెట్లోకి వెళ్తాయి. లేకపోతే ప్రతి ముక్కా ఎక్కడ చిక్కుకుంటే అక్కడ మొలుస్తుంది. మాస్ కణాల్లో చాలావాటికి మళ్లీ మొత్తం మొక్కను పుట్టించే శక్తి ఉంది. ఆకు ముక్క నుంచి ముందు పచ్చని దారం లాంటి ప్రథమ తంతువు వస్తుంది, దాని మీద మొగ్గ, మొగ్గ నుంచి కొత్త కాడ.

గుబురులో చేరే మట్టిని వారానికోసారి చేత్తో విసిరినట్టు నీటిని ఆడించి లేపి, పైపుతో లాగేయాలి. పాచి కనిపిస్తే మొదటి రోజే చేత్తో తీయాలి. మాస్‌లాగే ఉండి మోసం చేసేది క్లాడోఫోరా అనే పాచి. పట్టుకుంటే గరుకుగా ఉంటుంది, భూతద్దంలో ఆకులుండవు, కొమ్మలు వేసిన దారాలే కనిపిస్తాయి. అది పట్టిన భాగాన్ని ఉంచుకుని తొట్టెనంతా పాడుచేసుకునే కన్నా కత్తిరించి పారేయడమే లాభం.

గుబురులో కాపురాలు

మాస్ ఆకుల మీద కంటికి కనిపించని బ్యాక్టీరియా, ఏకకణ జీవులు పలచని పొరలా పెరుగుతాయి. పుట్టిన చేపపిల్లకు మొదటి మేత అదే. మన గంగా పరీవాహక ప్రాంతపు చేప జీబ్రా డానియో గుడ్లు పెట్టి, వెనక్కి తిరిగి తానే తినేస్తుంది. పిల్లలు కావాలంటే పది లీటర్ల చిన్న తొట్టె అడుగున మాస్ దట్టంగా పరిచి, సాయంత్రం ఒక జంటను అందులో వదలాలి. ఇవి వెలుతురు వచ్చిన తొలి గంటల్లో గుడ్లు పెడతాయి. గుడ్లు జిగురు లేకుండా జారి మాస్ సందుల్లోకి దిగిపోతాయి, పెద్ద చేప మూతి అక్కడికి చేరదు. పొద్దెక్కాక జంటను తీసేస్తే రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటపడతాయి. మొదట కదలకుండా రెబ్బలకు అతుక్కుని ఉంటాయి, పుట్టాక మరో రెండు మూడు రోజులకు ఈదుతూ మేత వెతుక్కుంటాయి.

ఎర్ర చెర్రీ రొయ్యలకైతే మాస్ ఇల్లూ, వంటిల్లూ కూడా. తల్లి రొయ్య మూడు నాలుగు వారాలు గుడ్లను పొట్ట కింద మోస్తుంది. పిల్లలు చిన్నసైజు పెద్దరొయ్యల్లాగే పుట్టి, నేరుగా మాస్‌లోకి దూరిపోతాయి. పాచి తినిపించడానికి అమానో వాడుకలోకి తెచ్చిన అమానో రొయ్యలు ఇలా కావు. వాటి పిల్లలకు ఉప్పు కలిసిన నీరు కావాలి కాబట్టి ఇంటి తొట్టెలో సంతతి పెరగదు.

మాస్‌తో పాటు పిలవని అతిథులూ వస్తాయి. నత్త గుడ్లు, తూనీగ పిల్లలు ముఖ్యమైనవి. తూనీగ పిల్ల చేపపిల్లల్ని పట్టి తింటుంది. కొత్త మాస్‌ను బాగా కడిగి, రెండు వారాలు విడి టబ్బులో ఉంచి చూశాకే తొట్టెలో వేయాలి. చేపల్లేని ఆ టబ్బుకు సన్నని వల కప్పడం మర్చిపోకూడదు. నిలవ నీరు దొరికితే డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి వారం పట్టదు.

మందు వేసే ముందు

చేపకు తెల్లమచ్చలు వచ్చాయని తొట్టెలో గుప్పెడు కల్లుప్పు వేయడం మనవాళ్ల అలవాటు. చేప తట్టుకుంటుంది, మాస్ నల్లబడుతుంది. నత్తల్ని, పరాన్నజీవుల్ని చంపే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది; అది మాస్‌కూ రొయ్యలకూ విషం. ‘ద్రవ కార్బన్’ పేరుతో అమ్మే సీసాల్లో చాలావాటిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్. ఎక్కువైతే మాస్, రిక్సియా లాంటివి ముందు దెబ్బతింటాయి. జబ్బు చేప ఉంటే దాన్ని వేరే టబ్బులోకి మార్చి అక్కడ మందు వేయడమే పద్ధతి.

మాస్ కణం గోడల్లో రుణావేశం ఉన్న అణుసముదాయాలు ఉంటాయి. ధనావేశం ఉన్న లోహ అయాన్లు వాటికి పట్టుకుని ఉండిపోతాయి. మాస్ బలహీనత అయిన ఈ గుణాన్నే ఐరోపా శాస్త్రవేత్తలు పనికి పెట్టారు. వల సంచుల్లో మాస్ నింపి నదుల్లో వేలాడదీసి, కొన్ని వారాల తర్వాత తీసి పరీక్షిస్తే నీటిలో ఏ లోహం ఎంత కలుస్తున్నదో తెలుస్తుంది. ఇందుకు ఎక్కువగా వాడే ఫాంటినాలిస్ ఆంటిపైరెటికా అనే నీటి మాస్‌కు పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్. ఎప్పుడూ తడిని పట్టుకుని ఉండే ఆ మాస్‌ను స్వీడన్ పల్లెల్లో పొగగొట్టానికీ చెక్క గోడకూ మధ్య కూరేవారు, నిప్పంటుకోకుండా.

తొట్టె దాటనివ్వొద్దు

కత్తిరించిన కొద్దీ మాస్ మిగులుతూనే ఉంటుంది. ముందు తోటి చేపల ప్రియులకు పంచండి. రెండు మూడు రోజులు తడి కాగితంలో చుట్టి కవర్లో పెట్టినా బతికే మొక్క కాబట్టి పార్సిల్‌కూ అనువైనదే. మిగిలినదాన్ని మోరీలోనో, ఊరి చెరువులోనో వేయొద్దు. ముక్క నుంచి మొక్క లేచే గుణం తొట్టెలో వరం, బయట ముప్పు. అందంగా ఉందని తెచ్చుకున్న గుర్రపుడెక్క మన కాలువలనీ చెరువులనీ ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం. మాస్ అంత పనీ చేయకపోయినా, దానిలో దాక్కుని వెళ్లేవి చేయొచ్చు. 2021 మార్చిలో అమెరికా దుకాణాల్లో అమ్ముతున్న మారిమో బంతుల్లో జీబ్రా మసెల్స్ అనే బుల్లి ఆల్చిప్పలు దొరికాయి. నీటి గొట్టాలను మూసేసే ఆ జీవులు సరస్సుల్లోకి చేరతాయని భయపడి, బంతుల్ని మరిగించో గడ్డకట్టించో పారేయమని అక్కడి అధికారులు కొన్నవారందరికీ చెప్పాల్సి వచ్చింది.

మన దగ్గర అంత శ్రమ అక్కర్లేదు. కత్తిరించిన మాస్‌ను మేడ మీద పాత పళ్లెంలో పలచగా పరిచి, గలగలలాడేదాకా ఎండనిచ్చి, పూలకుండీ మట్టిలో కలిపేస్తే సరి. తొట్టెలోంచి తీసిన నీళ్లను కూడా అదే కుండీకి పోయండి. చేపల వ్యర్థంలోని నత్రజనిలో మాస్ తినగా మిగిలింది గులాబీ మొక్కకు పనికొస్తుంది.